కణుపు కణుపున పిందె: సంకర కీరదోస స్వభావము, పోషణము

పెరటిలో కీరదోస పాదు పెట్టినవారిలో అనేకులు తొలిదినములలో ఒక దిగులునకు లోనగుట పరిపాటి. తీగె దడిమీదికి ప్రాకినది, ఆకులు అరచేతికన్న వెడల్పుగా విచ్చినవి, పసుపుపచ్చని పూవులు ఉదయమే గుత్తులుగా విరియుచున్నవి. కాని మరునాటికి అవి వాడి నేలరాలుటయే గాని వాని వెనుక పిందె యన్నది కానరాదు. ఒకరు నేల మంచిది కాదందురు, ఒకరు ఎరువు చాలలేదందురు, మరియొకరు దిష్టి తగిలినదని దడికి గుడ్డపీలిక కట్టుదురు. అదే వీథిలో, అదే మట్టిలో, రైతులు హైబ్రిడ్ అని పిలుచు సంకరవిత్తనమును కొని నాటిన పొరుగువారి తీగెకు మాత్రము దాదాపు మొదటి పూవుతోడనే పిందె పట్టి, కణుపు కణుపునను ఒక్కొక్క కాయ వ్రేలాడుచుండును. ఈ భేదమునకు కారణము నేలలో లేదు, ఎరువులో లేదు. అది మొగ్గ ఇంకను కంటికి ఆనని దశలో, తీగె కొనయందలి లేతకణములలో నిర్ణయమైపోయినది. ఆ నిర్ణయము ఎట్లు జరుగునో తెలిసికొన్నవానికి సంకర కీరదోసను ఎట్లు పెంచవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. దాని పోషణలోని ప్రతినియమమును దాని పుట్టుకనుండియే వచ్చినది.

మగపూవు, ఆడపూవు

కీరదోస తీగెపై రెండు విధములైన పూవులు పూయును. సన్నని కాడపై, సాధారణముగ గుత్తులుగా పూయునవి మగపూవులు. వానిలో పుప్పొడి తప్ప మరేమియు లేదు. రేకుల క్రింద వ్రేలెడు కన్నను చిన్నదైన, నూగుతో కూడిన బుల్లి దోసకాయవంటి అండాశయము గలవి ఆడపూవులు. పిందె యనునది పూవునకు తరువాత వచ్చునది కాదు, ఆడపూవుతో పాటుగనే, దాని అడుగున, పుట్టి యుండును. కావున పూవు రాలినపుడు పిందె లేదని చింతించుటకు ముందు, రాలినది ఏ పూవో చూడవలెను.

నాటురకములలో తీగె తొలికణుపులందు మగపూవులనే పూయును. కొన్ని దినములు గడచి తీగె బలపడిన పిమ్మట మగపూవుల నడుమ అక్కడక్కడ ఆడపూవులు వచ్చుట మొదలగును. అపుడు సైతము ఆడపూవుల సంఖ్య మగపూవుల సంఖ్యలో స్వల్పభాగము మాత్రమే. ప్రకృతిదృష్టితో చూచినచో ఇది వివేకముగల యేర్పాటు. మగపూవునకు తీగె పెట్టు వ్యయము అత్యల్పము. కాయను పెంచుట బహువ్యయముతో కూడిన పని. వేరు, ఆకు బలపడకమునుపే కాయభారమును తలకెత్తుకొనరాదని తీగె ఆగుచున్నది. మనుష్యునకు మాత్రము కాయ కావలెను, అదియు త్వరగా కావలెను. ఈ రెండు అవసరములకు నడుమ గల వైరుధ్యమునుండియే సంకర కీరదోస చరిత్ర యంతయు పుట్టినది.

మొగ్గలోని తూము

మొగ్గ మిక్కిలి లేతగా నున్నపుడు దానిలో మగ భాగములును ఆడ భాగములును రెండును మొలకెత్తియే యుండును. ప్రతి కీరదోస పూవును మొదట ఉభయలింగియే. పిమ్మట ఏదో యొక భాగము ఎదుగుట ఆగిపోవును. ఏది ఆగినదో దానినిబట్టి అది మగపూవగుటయో ఆడపూవగుటయో తేలును. ఒకే కాలువక్రింద రెండు మడులున్నవనుకొనుడు. రెంటికిని నీరు పారుటకు వీలున్నది. కాని తూము తలుపు ఎటు త్రిప్పిన ఆ మడి పండును, రెండవది ఎండును. మొగ్గలో ఈ తూము తలుపును త్రిప్పునది ఒక వాయువు. దాని పేరు ఎథిలీన్.

ఈ వాయువు మనకు క్రొత్తది కాదు. గడ్డిలో మాగవేసిన మామిడిపండ్లలో ఒకటి పండిన తక్కినవియు త్వరగా పండుటకు కారణమైన వాయువు ఇదియే. 1901లో రష్యా దేశమున నెల్యుబోవ్ అను యువశాస్త్రజ్ఞుడు, ప్రయోగశాలలోని దీపపువాయువు సోకిన బఠానీ మొలకలు వంకరలు తిరుగుటకు ఆ వాయువులోని ఎథిలీన్ కారణమని నిరూపించెను. అనంతరము మొక్కలు తామే ఈ వాయువును తయారుచేసికొని, దానినొక సందేశముగ వాడుకొనుచున్నవని తెలిసినది. కీరదోస మొగ్గలో ఎథిలీన్ తగినంత యున్నచో కేసరములు ఎదుగుట మాని అండాశయము వృద్ధిపొందును; అది కొరవడినచో అండాశయము ఆగి కేసరములు వృద్ధిపొందును.

ఇక్కడినుండి రైతునకు పనికివచ్చు సంగతులు పెక్కు బయలుదేరుచున్నవి. పగలు దీర్ఘమై ఎండ తీవ్రమైనపుడు తీగె మగపూవులవైపు మొగ్గును. పగలు తగ్గి రాత్రులు చల్లనైనపుడు ఆడపూవులవైపు మొగ్గును. అందుచేతనే ఒకే విత్తనము శీతకాలపు చివర నాటినపుడు విరివిగా కాచి, నడివేసవిలో పూవులతోడనే సరిపుచ్చుట కలదు. నత్రజని యెరువు మితిమీరి వేసినను తీగెయు ఆకును పెచ్చుపెరిగి మగపూవులు హెచ్చును. తెలుగునాట నాటురకముల పాదులు పెట్టువారికి వ్యవసాయశాఖవారు రెండునుండి నాలుగాకుల దశలో లీటరు నీటికి మూడు నాలుగు గ్రాముల బోరాక్సు కలిపి చల్లుడని చిరకాలముగ చెప్పుచుండుట ఆడపూవులను పెంచుటకే. ఎథ్రెల్ అను మందును అదే లేతదశలో చల్లుటలో సూక్ష్మము మరింత స్పష్టము: ఆ మందు ఆకులోనికి పోయి ఎథిలీనుగా మారి తూమును ఆడవైపునకు త్రిప్పును. రెండాకుల దశ యనుట యాదృచ్ఛికము కాదు. తొలిపది కణుపుల భవితవ్యము అపుడే నిర్ణయమగుచుండును. పూవు కనబడిన పిదప చల్లిన మందునకు ఆ పూవును మార్చు శక్తి లేదు.

ఆడపూల తీగె పుట్టుక

మందుతో చేయుదానిని విత్తనమే చేసినచో ఎంత మేలు! ఈ కోరికకు సమాధానము కొరియా దేశమునుండి అమెరికాకు చేరిన ఒక విత్తనపుపొట్లములో దొరికినది. ఆ మొక్కలలో కొన్ని, మగపూవులు లేక ఆడపూవులనే పూయు స్వభావము గలవి. మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున పీటర్సన్ అను ప్రజననశాస్త్రజ్ఞుడు ఆ గుణమును వేరుచేసి, దానిని స్థిరపరచి, 1960లో ఎం.ఎస్.యు. 713-5 అను ఆడవంశమును లోకమునకు అందించెను. ఆ గుణమునకు మూలమేమో తెలియుటకు మరి ముప్పదియేడేండ్లు పట్టినది: సామాన్యమైన తీగెలో ఎథిలీన్ తయారీకి తోడ్పడు జన్యువు ఒక్క ప్రతిగా నుండగా, ఆడవంశమునందు అట్టిదే మరియొక ప్రతి అదనముగా నున్నదని 1997లో పరిశోధకులు కనుగొనిరి. ప్రకృతి వ్రాతలో ఒక పంక్తి పొరపాటున రెండుమారులు వ్రాయబడినది. దానితో ఎథిలీన్ ఉత్పత్తి హెచ్చి తూము సదా ఆడవైపే తెరచియుండును.

చదువరికి ఇచ్చట ఒక శంక కలుగవలెను. మగపూవే లేని వంశము రెండవతరమునకు ఎట్లు చేరును? దీనికి ఉపాయము కూడ ఆ తూముననే కలదు. కొన్ని తీగెలపై వెండిలవణపు ద్రావణమును చల్లినచో, వెండి ఎథిలీన్ సందేశము కణములకు వినబడకుండ చేయును. జిబ్బరెల్లిన్ అను మరియొక వృద్ధికారకము కూడ ఆడతీగెను మగపూవులవైపు త్రిప్పగలదు. ఆ కొద్ది తీగెలు మగపూవులు పూసి, ప్రక్కనున్న తమ సోదరీలతలకు పుప్పొడి నిచ్చును. వంశము చెడకుండ నిలుచును.

సంకరవిత్తనము చేయుటలో ఈ ఆడవంశమువలన కలిగిన లాభము అపారము. అంతకుపూర్వము తల్లివరుసలోని ప్రతితీగెనుండి ప్రతిదినమును మగమొగ్గలను చేతితో తుంపవలసి యుండెను. ఒక్కటి తప్పిపోయినను విత్తనము కల్తీ యగును. ఇపుడు ఆడవంశమును కొన్ని వరుసలు, తండ్రిగా ఎన్నుకొన్న రకమును ఒక వరుస నాటి విడిచినచో తక్కిన పని తేనెటీగలే చేయును. ఆడవరుసలో పండిన కాయలోని ప్రతిగింజయు సంకరమే.

మనదేశపు తొలి కీరదోస సంకరములలో ప్రసిద్ధమైనది పూసా సంయోగ్. భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థకు హిమాచల ప్రదేశమున కులూ లోయలో కట్రైన్ అనుచోట ఒక ప్రాంతీయ కేంద్రము కలదు. అక్కడ జపాను దేశపు ఆడవంశమును తల్లిగను, గ్రీన్ లాంగ్ ఆఫ్ నేపుల్స్ అను రకమును తండ్రిగను గ్రహించి దీనిని రూపొందించిరి. కాయ 28 మొదలు 30 సెంటీమీటర్ల పొడవుండి, ముదురాకుపచ్చని రంగున, పసుపువన్నె నూగుముండ్లతో, కరకరలాడు కండతో నుండును. విత్తిన సుమారు ఏబదిదినములకు కోతకు వచ్చును. కీరదోస జన్మస్థానము మన హిమాలయపు అడుగుకొండలే యని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ ప్రాంతమునుండి తూర్పునకు జపాను వరకును, పడమటికి ఐరోపా వరకును వ్యాపించి, శతాబ్దములతరబడి ఆయా దేశముల రుచులకు తగినట్లు మారిన రెండు శాఖలు తిరిగి హిమాలయపు లోయలోనే ఒక్కటియగుట విశేషము.

అయినను ఉత్సాహములో ఒక మాట మరువరాదు. మొక్కజొన్నలోవలె కీరదోస సంకరమువలన దిగుబడి ఒక్కసారిగా రెట్టింపగునని చెప్పుట సరికాదు. కీరదోసలో సంకరవిత్తనముయొక్క ప్రధానలాభము ముందుగా కాపునకు వచ్చుట, కాయలన్నియు ఒక తీరున నుండుట, తల్లికి గల రోగనిరోధకశక్తియు తండ్రికి గలదియు ఒకే తీగెలో కూడుట. అంగడిలో ముందువచ్చిన కాయకు వచ్చు ధర యెట్టిదో ఎరిగిన రైతునకు ఇది చాలును.

రెండవయేటి విత్తనము

సంకరతీగెలోని ఒక మంచి కాయను ముదరనిచ్చి, గింజలు తీసి మరుసటియేడు నాటుకొనవచ్చును గదా యని అడుగువారు కలరు. నాటుకొనవచ్చును, మొలచును, కాచును. కాని అది నిరుటి తీగె కాదు. సంకరతీగెలో ప్రతి ముఖ్యగుణమునకును తల్లిప్రతి యొకటి, తండ్రిప్రతి యొకటి జంటగ నుండును. గింజ కట్టునపుడు ఆ జంటలు విడిపోయి క్రొత్తగా కలియును. ఒక్క గుణము విషయములో సగము గింజలు మాత్రమే తిరిగి అదే జంటను పొందును. తల్లిదండ్రులు పది జన్యువులలో మాత్రమే భేదించినవనుకొన్నను, పదింటను నిరుటి తీగెతో సమానమగు గింజ సుమారు వేయింట ఒక్కటి. తక్కినవానిలో కొన్నింట మగపూవులు విరివిగ వచ్చును, కొన్నింట కాయ పొట్టియగును, కొన్నింట తెగులును ఓర్చుకొను శక్తి జారిపోవును. పొట్లమును ఏటేట కొనవలసివచ్చుట వర్తకుల మాయ కాదు, వంశానుగతధర్మము.

[పెట్టె: పసుపు దోసతో కలియునా?
మనము పప్పులో వేసికొను, ఆవకాయ పట్టుకొను పసుపు దోసకాయయు కీరదోసయు ఒకే కుటుంబమువైనను ఒకే జాతి కావు. పసుపు దోస ఖర్బూజాకును బుడమకాయకును బంధువు. వాని కణములలో క్రోమోసోములు 24. కీరదోస కణములలో 14 మాత్రమే. కావున ఈ రెండు పాదులు ప్రక్కప్రక్కన నున్నను తేనెటీగలవలన అవి సంకరము కానేరవు. మరియొక సంగతి: ఒక కీరదోస తీగెకు వేరొక కీరదోస పుప్పొడి సోకినను ఆ యేటి కాయ రుచి మారదు. మనము తిను కండ తల్లితీగె శరీరమే. తండ్రి ప్రభావము లోపలి గింజలో మాత్రమే దాగియుండును.]

కాపుభారము, పోషణము

నాటురకపు తీగె తన శక్తిని చూచుకొని కాచును. సంకరతీగె కాపునే ముందు తలకెత్తుకొనును. దాని పోషణలోని కీలకము ఇదియే. కణుపు కణుపున ఆడపూవు వచ్చినంతమాత్రమున ప్రతిపిందెయు కాయ కాజాలదు. వేరు అందించు నీరు, ఆకు వండిపెట్టు ఆహారము ఎన్ని పిందెలకు చాలునో అన్నియే నిలుచును. మిగిలినవి పసుపువారి, కొననుండి ముడుచుకొని ఎండిపోవును. దీనిని తెగులని భ్రమించి మందులు చల్లువారు తీగెకును తమకును నష్టము తెచ్చుకొనుచున్నారు. చల్లవలసినది మందు కాదు. చూడవలసినది నీరు, ఎరువు, కోత అను మూడింటిని.

విత్తనమునకు వెచ్చదనము ప్రాణము. నేల 25 మొదలు 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనమున నున్నపుడు గింజ మూడు నుండి ఐదు దినములలో మొలచును. 15 డిగ్రీలకు దిగువన కుళ్ళుటయే హెచ్చు. తెలుగుదేశమున జూన్, జూలై మాసములును, జనవరి, ఫిబ్రవరి మాసములును అనుకూలము. సంకరవిత్తనము వెలగలది గనుక ప్రొట్రేలలో కొబ్బరిపొట్టు నింపి గింజకొక గుంటగా నారు పెంచి, రెండాకులు విచ్చగనే, అనగా పండ్రెండు పదునైదు దినములలో, వేరుముద్ద చెదరకుండ నాటుట మంచిది. దోసజాతి వేరు గాయమును ఓర్వదు; ముదిరిన నారు నాటినచో తీగె కోలుకొనుటకే కాలము చాలదు. నీరు నిలువని, సేంద్రియపదార్థము గల గరపనేల దీనికి ప్రశస్తము. వరుసల నడుమ ఒకటిన్నర మీటరు, మొక్కల నడుమ సుమారు అరమీటరు విడిచి, బోదెలపై నాటవలెను.

కీరకాయలో నూటికి తొంబదియైదు పాళ్ళు నీరే. పూవు విరిసిన ఎనిమిది పది దినములలోనే కాయ కోతకు వచ్చుననగా, ఆ స్వల్పకాలములో తీగె ఎంత నీటిని పైకి తోడవలెనో ఊహించుకొనవచ్చును. వేరులో అధికభాగము పైపొరలోని ఒక అడుగు మట్టిలోనే పరచుకొనియుండును గనుక లోతున తేమ యున్నను తీగెకు అక్కరకు రాదు. వారమున కొకసారి ముంచియెత్తుటకన్న దినదినమును కొలదికొలదిగ డ్రిప్పు ద్వారా అందించుట శ్రేష్ఠము. నీరు ఒకనాడు ఎండి ఒకనాడు మునిగినచో కాయ మధ్య సన్నబడి, కొన వంకరయగును. వరుసపై మల్చింగ్ షీటో వరిగడ్డియో పరచినచో తేమ నిలుచును, కలుపు అణగును.

ఎరువునందును ఇదే న్యాయము. ఒక్కసారి వేసిన యూరియా ఆకునకు పోవును. పలుమారులు విభజించి వేసినది కాయకు పోవును. పూత మొదలైన పిదప నత్రజనితో పాటు పొటాషును ఎడతెగక అందించవలెను.

తీగెను నేలపై విడువక పురికొసతోనో తీగలపందిరితోనో పైకి ప్రాకించుట కేవలము సౌకర్యార్థము కాదు. వ్రేలాడు కాయ తన బరువుచేతనే తిన్నగా సాగును. నేలనంటిన కాయ అడుగున పసుపువారి కుళ్ళును. గాలి ఆడుటచే ఆకులపై తడి త్వరగా ఆరును. తెగుళ్ళ విషయమున దాని విలువ ముందు చెప్పెదను. అడుగున నాలుగైదు కణుపులలోని పూవులను, ప్రక్కకొమ్మలను తుంపివేయుట సంకరపు పాదులలో మంచి యలవాటు. నాటుతీగె మగపూవులతో గడపి సంపాదించుకొను వ్యవధిని, సంకరతీగెకు మనము చేతితో ఇచ్చుచున్నామన్నమాట. తొలికాయపై మమకారము వదలలేనివారి తీగెలు నడుము ఎత్తునకు రాకుండనే అలసిపోవుట చూచుచున్నాము.

కోత దినము విడిచి దినము జరుగవలెను. ఆకుమాటున ఒక్క కాయ మరచిపోయి ముదిరి పసుపువారినచో, దానిలోని గింజలు పండుటయే తీగెకు ముఖ్యకార్యమై, పైకణుపులలోని పిందెలు ఆగిపోవును. సంతతి నిలిచినదను సంతృప్తి కలిగిన తీగెకు ఇక కాయవలసిన పని లేదు. కర్ణాటకమున 1990 ప్రాంతమున మొదలై తమిళనాడునకును ఆంధ్ర, తెలంగాణములకును వ్యాపించిన ఘెర్కిన్ సేద్యములో ఈ సూత్రమే ధనమైనది. అవి వ్రేలెడు పొడవున నుండగనే కోసి ఊరవేసి విదేశములకు పంపు కీరదోసలే. అంత లేతగా కోయుటచేతనే తీగె విడువక కాయుచుండును.

తేనెటీగ రాకపోకలు

కీరపూవు ఉదయమున విరిసి ఆ దినముతోడనే ముగియును. దాని పుప్పొడి జిగటగా నుండుటచే గాలి దానిని మోయలేదు, తేనెటీగయే రావలెను. ఒక కాయలో వందలకొలది గింజలు కట్టుటకు అన్ని పుప్పొడిరేణువులు కావలెను గనుక ఒక్క పర్యాయము వచ్చిన చాలదు; ఒక్కొక్క ఆడపూవునకు ఎనిమిది పది రాకపోకలైనను ఉండవలెనని చెప్పుదురు. గింజ కట్టిన వైపు కాయ ఉబ్బును, కట్టని వైపు కుంచించుకొనిపోవును. అంగడిలో కనబడు కొనసన్నని, వంకరకాయలలో కొన్ని తేనెటీగ రాని ఉదయముల ఫలితములు. కావున పూతవేళ ఉదయమున పురుగుమందు చల్లుట తన పంటను తానే చెరచుకొనుట. తప్పనిసరియైనచో సూర్యాస్తమయమునకు దగ్గరగా చల్లవలెను.

[పెట్టె: రంగు గింజలను పారవేయకుడు
కేవలము ఆడపూవులే పూయు సంకరమునకు పుప్పొడి ఎక్కడిది? కొన్ని విత్తనసంస్థలు ఇందుకై నూటికి పది పదునైదు చొప్పున మగపూవులు పూయు వేరొక రకపు గింజలను కలిపి, గుర్తుపట్టుటకు వానికి వేరు రంగు పూయును. పొట్లములోని గింజలన్నియు ఒకే రంగున నున్నచో అది శిలీంధ్రనాశినిని పట్టించిన గుర్తు మాత్రమే. కొన్నియే వేరు రంగున నున్నచో వానిని కల్తీ యని ఏరివేయరాదు. వానిని మడియంతట చెదరునట్లు నాటవలెను.]

పాలీహౌసులలోను షేడ్‌నెట్లలోను పెంచు రకములు వేరు. వానికి పరాగసంపర్కమే అవసరము లేదు. గింజ కట్టకుండనే కాయ ఊరును. తేనెటీగకు చొరవ లేని గృహములలో ఇవి పండుటకు కారణమిదే. వీనికి తేనెటీగ మేలు చేయకపోగా, లోనికి చొరబడి పుప్పొడి తెచ్చినచో నున్నని కాయలో గింజలు కట్టి ఆకృతి చెడును. ఆరుబయట నాటుటకు ఈ విత్తనమును కొనుట అనవసరవ్యయము. పాలీహౌసులో తేనెటీగపై ఆధారపడు సంకరమును నాటుట అంతకన్న పెద్ద పొరపాటు. పొట్లముపై ఈ ఒక్క వివరమును చదువక నష్టపోవువారు తక్కువమంది కారు.

చేదు ఎందుకు వచ్చును?

మన యిండ్లలో కీరకాయ తొడిమవైపు చివరను కోసి, ఆ ముక్కతోనే నురుగు వచ్చువరకు రుద్దుట అలవాటు. చేదు తొడిమవద్దను, తోలుక్రిందను అధికముగ చేరుట నిజము గనుక కోయుటకు ఆధారము కలదు. రుద్దుటవలన నడిమికండలోని చేదు బయటకు వచ్చునని చెప్పుటకు మాత్రము ఆధారము చాలదు. ఆ చేదునకు కారణమగు పదార్థము కుకుర్బిటసిన్. కీరదోస యొక్క అడవి పూర్వికురాలు, నేటికిని హిమాలయపు అడుగుకొండలలో పెరుగు చిన్నకాయల తీగె, నోటబెట్టరాని చేదు. మనుష్యులు తరతరములుగ చేదుతక్కువ కాయలను ఏరి విత్తుటచే కాయలో చేదు పుట్టించు జన్యువు నిద్రాణమైనది. ఆకులోని చేదు మాత్రము నిలిచినది. నీటియెద్దడియో, అకాలపు చలియో తగిలినపుడు నిద్రించు జన్యువు మేల్కొని కాయలోను చేదు చేరును. ఆకులో చేదును, కాయలో చేదును వేరువేరు జన్యువులు నియమించుచున్నవని 2014లో చైనా శాస్త్రజ్ఞులు వివరించిరి.

తీగెయంతటను చేదే లేని రకములను హాలండు దేశమున 1959 నాటికే కనుగొనిరి. నేటి పాలీహౌస్ సంకరములలో పెక్కింట ఆ గుణము కలదు. అయితే చేదు తీగెకు కవచము కూడ. చేదులేని తీగెలను ఎర్రనల్లి యధికముగ ఆశించునని 1971లో అమెరికాలో తేలినది. అక్కడి దోస పెంకుపురుగు మాత్రము చేదునకే ఆకర్షితమగును. ఒక శత్రువును తరిమిన గుణమే వేరొకదానిని పిలుచుచున్నది. మిక్కిలి చేదుగ నున్న కాయను మాత్రము, రసముగ త్రాగుట మాట అటుంచి, ఒక ముక్కయైనను తినరాదు. అధికమైన కుకుర్బిటసిన్ విషతుల్యము.

పురుగులు, తెగుళ్ళు

మొలకదశలో ఎర్రని పెంకుపురుగు ఆకులను జల్లెడ చేయును. ఉదయపు చల్లదనములో అది మందముగ నుండునపుడు చేతితో ఏరివేయుట పెరటిపాదునకు చాలును. కాపుదశలో శత్రువు పండుఈగ. అది లేతపిందె తోలును పొడిచి లోపల గ్రుడ్లుపెట్టును. పైన చిన్న గాయమే కనబడును గాని లోపల పురుగులు కండను తినివేయును. ఆ పురుగు కాయనుండి దూకి మట్టిలో కోశస్థదశను గడపును గనుక రాలినకాయను పాదువద్దనే విడుచుట తరువాతి తరమును పోషించుట. వానిని ప్రోగుచేసి లోతుగ పూడ్చవలెను. క్యూలూర్ ఎరలు మగ ఈగలను మాత్రమే లాగును. ఇరుగుపొరుగు రైతులు కలిసి కట్టినపుడే వానివలన ప్రయోజనము.

తెగుళ్ళలో రెంటిని వేరుగ గుర్తించుట నేర్వవలెను. ఆకు పైభాగమున తెల్లని పొడి చల్లినట్లున్నది బూడిదతెగులు. ఈనెల నడుమ కోణాకృతిని పసుపుమచ్చలు తేలి, ఆకు అడుగున బూడిదవన్నె బూజు కనబడునది బూజుతెగులు. దీని బీజము మొలచుటకు ఆకుపై తడి గంటలతరబడి నిలువవలెను. పందిరివలన ఆకు త్వరగా ఆరుట ఇక్కడ అక్కరకు వచ్చును. సాయంకాలము ఆకులపై నీరు చల్లుట ఇక్కడనే హానియగును. బూడిదతెగులునకు ఇతరపంటలలో గంధకము వాడుట చూచి దోసజాతిపైనను చల్లువారు కలరు. ఎండలో ఆకులు మాడిపోవును గనుక ఈ పాదులపై గంధకమును వాడరాదు.

బూజుతెగులు విషయమున ఒక చరిత్ర కలదు. దానిని ఓర్చుకొను శక్తి ఇరువదవ శతాబ్దపు నడిమి భాగమున ఎక్కడ దొరికినదనగా, పి.ఐ. 197087 అను సంఖ్యతో అమెరికా విత్తనభాండాగారమున చేరిన ఒక భారతీయ నాటురకమున. పేరులేని ఆ రకమునుండి గ్రహించిన శక్తి, దక్షిణ కరోలినాలో రూపొందిన పాయిన్‌సెట్ అను రకములోనికి, దానినుండి లెక్కలేనన్ని సంకరములలోనికి ప్రవహించినది. ఆ పాయిన్‌సెట్‌నే మన జాతీయ విత్తన సంస్థ తిరిగి మన రైతులకు పంచినది. దశాబ్దములతరబడి కాపాడిన ఆ శక్తిని 2004లో అమెరికాలో క్రొత్తరూపుదాల్చిన బూజు జయించినది. నాటినుండి పరిశోధకులు క్రొత్త నిరోధకశక్తికై మరల నాటువిత్తనములనే గాలించుచున్నారు.

కావున సంకరవిత్తనమును నాటుకొను ప్రతివారికిని ఒక విన్నపము. మీ యూరిలో పెద్దలు నిలుపుకొనుచు వచ్చిన నాటు కీరదోస ఏదైన నున్నచో దాని నొక్క పాదైనను విడువకుడు. సంకరపు మడికి అరకిలోమీటరు దూరమున దానిని పెట్టుడు; అంత చోటు లేనిచో, మరునాడు విచ్చబోవు ఆడమొగ్గను, మగమొగ్గను సాయంకాలమే దారముతో కట్టి, ఉదయమున అదే రకపు మగపూవును ఆడపూవునకు తాకించి, తిరిగి కట్టి గుర్తుపెట్టుడు. కాయ పూర్తిగా పండి పసుపువన్నెకు తిరిగిన పిదప గుజ్జును ఒకటి రెండు దినములు పులియనిచ్చి, గింజలను కడిగి నీడన ఆరబెట్టుడు. వానిలో గుప్పెడు గింజలను హైదరాబాదులోని రాజేంద్రనగరమున నున్న జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రమునకు, ఊరి పేరు వ్రాసి, అందజేయుడు.